చెవి అడిగిన సత్తమ్మ

"చెవి ఏదిరా?" అని సత్తమ్మ అడిగింది.

సైదులు ఒక చేతిలో కర్ర ఉంది. రెండో చేతిలో ఏమీ లేదు. ఎనిమిది రోజుల్లో ఇది మూడో గొర్రెపిల్ల.

కురుమల మందల్లో అదొక కట్టుబాటు. జీతానికి ఉన్న కాపరి చేతిలో జీవం చచ్చినా, మృగం తిన్నా, దాని చెవి కోసి తెచ్చి ఆసామికి చూపించాలి. చెవి వస్తే జీవం చచ్చినట్టు లెక్క. రాకపోతే కాపరి అమ్ముకున్నట్టో, కోసుకు తిన్నట్టో. పన్నెండేళ్లలో సైదులు తెచ్చిన చెవులు పదికి మించవు. అవన్నీ ఎవరూ అడగకముందే తెచ్చినవి. నోరు తెరిచి అడగడమంటే దొంగవా అని అడిగినట్టే. ఆ సంగతి మంద ఆసామి సత్తమ్మకూ తెలుసు. అయినా అడిగింది. వాగు అవతల మంద దించిన బక్కయ్య, అతని మనుషులు ఇద్దరు నిప్పు కోసం వచ్చి పక్కనే నిలబడి ఉండగా అడిగింది.

"తోడేలు ఎత్కపోయింది పెద్దమ్మా," అన్నాడు సైదులు. "చిన్న పిల్లనాయె. నోట కరుచుకోని పోయింది. ఇంక చెవి యాడికెల్లి తేవాలె?"

"మూడు పిల్లలను ఎత్కపోతే ఒక్క నెత్తురు మరకన్న పడలేదా? దాని నోరా, గోనెసంచా?"

సత్తమ్మ మరిది ఐలేశం అంబలి ముంత కింద పెట్టాడు. "ఊకో వదినా. మొన్న అచ్చంపేట సంతల మనోడు కనబడ్డడని మా మామ అంటుండె. నాకెందుకులే," అన్నాడు. అనాల్సిందంతా అన్నాక నాకెందుకులే అనడం అతనికి అలవాటు. మామ అంటే బక్కయ్యే. ఐలేశానికి పిల్లనిచ్చినవాడు. బక్కయ్య అవుననీ కాదనీ అనకుండా నిప్పు ఊదుకుంటూ నిలబడ్డాడు.

"ఉప్పుకు పోయిన. పెద్దమ్మే తోలింది," అన్నాడు సైదులు.

నిజమే, ఉప్పుకు పంపింది తనే. కానీ ఉప్పుకు పోయినవాడు ఇంకే పనీ చేయకూడదని ఎక్కడుంది? అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక ఉప్పూ కారం అన్నీ దానికే సాక్ష్యం చెబుతాయి.

రామన్నపేట దగ్గరి తమ ఊరి నుంచి శివరాత్రి దాటగానే మందను తోలుకొని ఈ అమ్రాబాదు అడవి అంచుకు రావడం వాళ్లకు ఏటా ఉన్నదే. ఉగాదినాడు ఈ వాగు చుట్టుపక్కల మందలన్నీ ఒకచోట చేరతాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలకు చెవులు కోసి ఎవరి ఇంటి గురుతు వాళ్లు పెట్టుకుంటారు. తగువులు కూడా ఆ రోజే తేలుస్తారు. ఉగాది ఇంక అయిదు రోజులుంది. ఆనాడు నలుగురిలో దొంగ అనిపించుకుంటే సైదులుకు ఇటు అచ్చంపేట నుంచి అటు రామన్నపేట దాకా ఏ మందలోనూ కర్ర పట్టే రాత ఉండదు. అతని ఈడువాళ్లు నాగార్జునసాగరం కట్ట పనికి పోయారు. అతనూ పోయి నెలరోజులు రాళ్లు మోశాడు. గొర్రెల అరుపు వినబడక నిద్ర పట్టడం లేదని తిరిగి వచ్చేశాడు. గొర్రెలు తప్ప అతనికి ఇంకొకటి చేతకాదు.

"పెద్దమ్మా, బోడగుట్ట మీంచి చూస్తే తోడేళ్ల జాగా అంత కనబడ్తది," అన్నాడు. "మూడు దినాలు వచ్చి కూసో. నీ కండ్లతోనే చూడు."

ఆమె వస్తుందని అతను అనుకోలేదు. ఇంకెవరూ అనుకోలేదు.

"వస్త," అంది సత్తమ్మ. "మందను ఐలేశం చూస్తడు."

"ఆడోళ్లు గుట్టలెక్కి తోడేళ్లను చూసుడేంది వదినా! నవ్వుతరు."

"నవ్వనియ్యి. పండ్లకు జర గాలి తగుల్తది."

*

తెల్లవారుతుండగా బయలుదేరారు. గొంగడి, జొన్నరొట్టె, నీళ్ల బుర్ర సైదులు భుజాన ఉన్నాయి. సత్తమ్మ ఉన్ని పోగు, కదురు నడుముకు దోపుకుంది. చేతులు ఊరికే పెట్టుకొని కూర్చోవడం ఆమెకు చేతకాదు.

గుట్టకు పోయే దారిలో చిన్న లోయ ఉంది. అందులో ఇప్పచెట్లు ఆకు రాల్చి పూత మీద ఉన్నాయి. పూలు ఒక్కొక్కటే కింద పడుతున్న చప్పుడు వినబడుతోంది. ఆ వాసనకే తల తిరిగేలా ఉంది. సైదులు ఉన్నట్టుండి ఆగి అరచేయి వెనక్కి చూపించాడు. వంగి చిటికెడు దుమ్ము తీసి వదిలాడు. దుమ్ము వాళ్ల మీదికే వచ్చింది. గాలి అటునుంచి ఉందని తల ఊపి, ఆమెను బండ చాటున కూర్చోబెట్టాడు.

"గుడ్డెలుగు," అన్నాడు చెవిలో. "లేవకు. ఉరకకు. అది లేచి చూసినా గట్లనే కూసో."

ముందు చప్పుడే వచ్చింది. ఎవరో పెద్ద కొలిమి తిత్తి ఊదుతున్నట్టు బుస్సుమని పీల్చడం, మళ్లీ ఊదడం. ఆ తర్వాత చెట్టు మొదట్లో నల్లగా కదిలింది. ఎలుగు మూతి నేలకు ఆనించి ఆకులు ఒక్క ఊదుతో చెదరగొట్టి, పూలను లోపలికి పీల్చుకుంటోంది. దాని వీపు మీద జూలు పట్టుకొని రెండు పిల్లలు ఉన్నాయి. ఒకటి నిద్రపోతోంది. రెండోది కిందికి జారబోయి, కాళ్లు కొట్టుకొని, మళ్లీ పైకి పాకింది.

సత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. భయంతో కాదు, నవ్వు వచ్చి. అప్పటిదాకా ఆమె చూసిన ఎలుగు ఒక్కటే, ముక్కుకు తాడు వేసి ఊళ్లోకి ఆటకు తెచ్చే ఎలుగు. అది చేతులు జోడించి దండం పెట్టేది. ఇది ఎవరికీ దండం పెట్టే రకం కాదు. చెట్టు మొదలు పట్టుకొని ఒక్క ఊపు ఊపింది. పూలు జలజలా రాలి పిల్లల మీద పడ్డాయి. నిద్రపోయేది లేచి తుమ్మింది.

"ఓరి నీ పాడుగాను," అంది సత్తమ్మ గొంతులోనే. "తల్లి ముద్ద పెడుతుంటే తుమ్ముతవారా?"

సైదులు కూడా నవ్వాడు. తెల్లారి నుంచి అతను నవ్వడం అదే మొదలు. ఎలుగు పిల్లలను మోసుకొని బండల్లోకి పోయేదాకా ఇద్దరూ కదల్లేదు. అప్పుడు గాని సత్తమ్మకు గుర్తు రాలేదు, తను వచ్చింది ఈ మనిషి దొంగో కాదో తేల్చుకోవడానికి అని. మొఖం గంటు పెట్టుకొని లేచింది.

బోడగుట్ట మీద బండకు బోర్లా పడుకొని, మీద గొంగడి కప్పుకుంటే కింద నుంచి చూసేవాళ్లకు అదీ ఒక బండే. కింద వాలులో మోదుగులు పూసి ఉన్నాయి. వాటి నడుమ ఇసుక మెట్ట, దాని పక్కన రాతి కింద ఒక బొక్క. ఎండ ఎక్కేసరికి బొక్క ముందు నాలుగు తోడేలు పిల్లలు తిరుగుతున్నాయి. మూడు నాలుగు నెలలవి. కాళ్లు పొడుగు, తలలు పెద్దవి. ఒకదాని తోక ఇంకొకటి గుంజుతోంది. తల్లి మోదుగు నీడలో పడుకొని వాటి దిక్కు చూడనట్టే చూస్తోంది. నడిస్తే ఆ తల్లికి వెనక కాలు కొంచెం కుంటు.

మధ్యాహ్నం దాటాక మగది వచ్చింది. పిల్లలు ఎగిరి దాని మూతి నాకాయి, కొరికాయి. అది తల వంచి కడుపులోది కక్కింది.

"ఛీ!" అంది సత్తమ్మ. ఆ తర్వాత కాసేపు చూసింది. కదురు ఆగిపోయింది. "పిల్లలకు బువ్వ మోసుకొచ్చిందారా అది? కడుపుల పెట్టుకోని?"

"ఆ. దాని తట్ట అదే."

"కక్కింది ఏంది? నల్ల ఉన్ని కనబడ్తలేదే."

సైదులు చాలాసేపు చూశాడు. "కుందేలు," అన్నాడు.

*

రెండో రోజు కూడా కుందేలే. ఆ తర్వాత ఏవో ఎలుకలు. పొద్దు వాలాక తోడేళ్లు పిల్లలతో సహా వాగు దిక్కు పోయినప్పుడు సైదులు కిందికి దిగి, బొక్క చుట్టూ తిరిగి, ఎండిన పెంటికలు గొంగడిలో వేసుకొచ్చాడు. సత్తమ్మ పుల్లతో వాటిని చిదిమి చూసింది. కుందేలు వెంట్రుకలు, పురుగుల రెక్కలు, రేగుగింజలు ఉన్నాయి. గొర్రె ఉన్ని పోగు ఒక్కటి లేదు. ఉన్ని సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. చీకట్లో వేళ్లతో పట్టుకొని ఏ గొర్రెదో చెప్పగలదు.

సైదులు ఆమె ఎదురుగా చతికిలబడ్డాడు.

"పెద్దమ్మా, నేను చూడలే," అన్నాడు.

"ఏం చూడలే?"

"తోడేలు ఎత్కపోంగ చూడలే. మూడు మాట్ల గూడ చూడలే. పగటీలి మందను నీడకు పండవెట్టి చూసుకుంటే ఒకటి తక్కువ ఉంటుండె. యాడ పోయిందో నాకు తెల్వది."

"తెల్వకపోతే తెల్వదని చెప్పాలె గద! తోడేలు అని ఎందుకంటివి?"

"తెల్వది అన్నోడు కాపరి ఎట్లయితడు పెద్దమ్మా?"

సత్తమ్మ చిదిమిన పెంటికలను పుల్లతో పక్కకు నెట్టింది. అతను చెప్పింది ఆమెకు కొత్త కాదు. కొత్త కోడలుగా మంద వెంట పోయిన మొదటి ఏడు తనూ పొద కింద కునుకు తీసి, గొర్రెను పోగొట్టుకొని, మామకు తోడేలు అనే చెప్పింది. మందలో కాపరికి తెలియనిదంతా తోడేలు ఖాతాలోకే పోతుంది. నిద్రపోయానంటే తంతారు, తెలియదంటే నవ్వుతారు, తోడేలంటే అయ్యో అంటారు.

"మరి నన్ను ఎందుకు తెచ్చినవ్ ఈడికి?"

"నేను గూడ చూద్దామనే వచ్చిన. తోడేలే అయితే బాగుండు అనుకుంట వచ్చిన."

ఆమెకు కోపం కంటే ఏడుపు ఎక్కువ వచ్చింది. పన్నెండేళ్లు తన చేతి గట్క తిన్న మనిషి. తన మొగుడి పాడెను ముందు పట్టి మోసిన మనిషి. అబద్ధం ఒకటి బయటపడ్డాక దాని వెనక ఇంకొకటి లేదని ఎట్లా నమ్మాలి? ఇప్పుడు తోడేలు కూడా కాదు. ఇక మిగిలింది ఎవరు?

"మూడు దినాలు వస్త అన్న. రేపొక్కటి ఉన్నది. నా మాట నేను తప్పను," అంది. దిగేటప్పుడు అతను చేయి అందిస్తే పట్టుకోలేదు.

*

మూడో రోజు తోడేళ్లు రెండూ పొద్దున్నుంచి ఎటూ పోలేదు. రాత్రి ఎక్కడో కడుపు నిండినట్టుంది. ఎండ ముదిరాక మోదుగు కింద పక్కపక్కన పడుకున్నాయి. పిల్లలు నాయిన మీద నుంచి ఎక్కి అమ్మ మీద దిగుతున్నాయి. ఒకటి రాలిన పువ్వును పట్టుకొని అదేదో ప్రాణమున్న జీవమైనట్టు విదిలించింది. మగది ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలింది. సత్తమ్మ, సైదులు రొట్టె సగం సగం తిన్నారు.

పొద్దు వాలుతుండగా మంద దగ్గరికి వచ్చేసరికి ఐలేశం ఎదురు వచ్చాడు.

"మీరు గుట్ట మీద ఏం చూస్తున్నరో గాని, తోడేలు ఈడికే వచ్చింది! సుక్కగొర్రె పిల్లను ఎత్కపోయింది వదినా."

"ఎప్పుడు?"

"పొద్దు నడినెత్తికి రాంగనే."

"నువ్వు చూసినవా?"

"ఈ రెండు కండ్లతోని చూసిన. ఇంత తోడేలు. వెనుక కాలు కుంటుతున్నది గూడ. నోట కరుచుకోని బోడగుట్ట దిక్కే ఉరికింది." రెండు రాత్రులుగా సత్తమ్మ పొయ్యి దగ్గర తను చూసినవన్నీ చెబుతూనే ఉంది. కుంటి కాలు సంగతి అతను అక్కడ విన్నదే.

సత్తమ్మ సైదులు దిక్కు చూసింది. సైదులు నేల దిక్కు చూశాడు. ఆ కుంటి తోడేలు నడినెత్తి పొద్దుకు వాళ్ల కళ్ల ముందు మోదుగు నీడలో నాలుక బయట వేసి పడుకొని ఉంది. సైదులేమో అప్పుడు ఆమె పక్కనే ఉన్నాడు, మోచేతికి మోచేయి తగిలేటంత దగ్గరలో.

సత్తమ్మ నొసట తెల్లచుక్క ఉన్న ఆ సుక్కగొర్రె మెడకు తాడు వేసింది. దాని పొదుగు గట్టిపడి ఉంది. మధ్యాహ్నం నుంచి అరిచి గొంతు బొంగురు పోయింది. దాన్ని నడిపించుకుంటూ వాగు దాటి బక్కయ్య మంద దగ్గరికి పోయింది. ఎందుకు అక్కడికే అంటే, చెవి కోయని పిల్లను దాచడానికి ఇంకొక పిల్లల దొడ్డి కంటే మంచి జాగా లేదు. ఆ మాట ఏ కురుమ ఆడదానికైనా తట్టేదే. మూడు దినాలు ముందు ఎందుకు తట్టలేదో మాత్రం తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకు తెలియలేదు.

"ఏం చెల్లే, ఇటొస్తివి?" అని బక్కయ్య లేచాడు.

"గొర్రెను తిప్పుతున్ననే అన్నా. ఒక్కతీరుగ అరుస్తున్నది."

సుక్కగొర్రె అరిచింది. తడకల వెనక ముప్పై నలభై పిల్లలు ఉన్నాయి. వాటిలో ఒకటి తిరిగి అరిచింది. గొర్రె తాడు తెంపుకునేలా గుంజింది. తడక కింది సందులో నుంచి నల్లటి మూతి ఒకటి, ఆ తర్వాత రెండు కాళ్లు, ఆ తర్వాత పిల్ల మొత్తం బయటికి వచ్చి తల్లి పొదుగులో తల దూర్చింది. తోక ఆగకుండా ఊగుతోంది. గొర్రె దాని వెనక వాసన చూసి గొణిగింది.

"మిగిలిన మూడింటి తల్లులను గూడ తోల్కరావాల్నా?" అంది సత్తమ్మ.

బక్కయ్య తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్లీ వేసుకున్నాడు. "వద్దు చెల్లె. నీ మరిదే తెచ్చిండు. ఉగాదినాడు ఎవరి గురుతు పడ్తే వాళ్లవే గద అన్నడు. ఎట్ల కాదందును, అల్లుడాయె."

*

ఐలేశం బుకాయించలేదు. ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి. పొయ్యి దగ్గర కూర్చొని మెల్లగానే చెప్పాడు.

"ఇరువై ఏండ్లు అన్న మందల చాకిరి చేసిన వదినా. అన్న పోయినంక కర్ర నీ చేతికొచ్చింది. మందల నాకు రావాల్సిన పాలు ఎవరన్న తలిచిన్రా?"

"అడగాలె. నోరు లేదా? దొంగతనం చేసి ఇంకొకని మెడకు చుడ్తవా?"

"తప్పే. కాదంటలే." పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. "ఇంటి గుట్టు ఇంట్లనే ఉండనియ్యి. పిల్లలు తప్పిపోయి బక్కయ్య మందల కలిసినయి, దొరికినయి అను. వాని మీద మాట రాదు, నా మీద మాట రాదు."

అది మంచి ఆలోచనగానే తోచింది సత్తమ్మకు. తెల్లారి సైదులు దగ్గరికి పోయింది. అతను ఒక పొట్టేలును వెల్లకిలా పండబెట్టి గిట్టలు చెక్కుతున్నాడు. పిల్లలు తిరిగొచ్చిన సంగతి, ఎక్కడి నుంచి వచ్చాయన్న సంగతి అతనికి తెలుసు.

"రేపు దొరికినయి అని చెప్త సైదులూ. నీకేం ఫికర్ ఉండదు."

"చెప్పు పెద్దమ్మా."

గిట్ట చెక్కడం ఆపలేదు. రెండో కాలు పట్టుకున్నాక అన్నాడు: "నన్ను మాత్రం నలుగుర్ల అడిగినవ్."

*

ఉగాదినాడు వాగు ఇసుకలో అయిదు మందల వాళ్లు చేరారు. పెద్దమనిషి గుర్వయ్య గొంగడి పరుచుకొని కూర్చున్నాడు. చెవులు కోసే చోట సైదులు పిల్లలను మోకాళ్ల మధ్య పట్టుకొని ఉన్నాడు. కోసినచోట పసుపూ బూడిదా అద్ది వదిలితే పిల్లలు తల విదిలించుకుంటూ ఉరుకుతున్నాయి. అతను ఎవరి పిల్లనైనా అలాగే పట్టుకున్నాడు, గట్టిగా కాదు, వదులుగా కాదు.

"సత్తవ్వా, నీ మందల ఏదో మాట ఉన్నదంట గద," అన్నాడు గుర్వయ్య.

సత్తమ్మ లేచి నిలబడింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. దొరికినయి. ఒక్క మాట అంటే చాలు, అందరూ మంచిదాయె అని బూరెలు తింటారు. ఐలేశం ఆమె దిక్కే చూస్తున్నాడు. సైదులు చూడటం లేదు. నిప్పు కోసం వచ్చి ఆ రోజు విన్న ఇద్దరూ మాత్రం సైదులు దిక్కు చూస్తున్నారు. దొరికినయి అన్నాక కూడా వాళ్లు అలాగే చూస్తారని ఆమెకు అప్పుడు తెలిసింది.

"తోడేలు ఎత్కపోలే," అంది. గొంతు పెంచింది. "సైదులు అమ్ముకోలే. మా ఐలేశం దాచిండు. నేను సైదులును చెవి అడిగిన. అడుగుడు నాది తప్పు. నలుగుర్ల అడిగిన, నలుగుర్ల చెప్తున్న."

ఐలేశం తువ్వాలు దులుపుకొని లేచి పోయాడు. పెద్దలు చాలాసేపు మాట్లాడారు. చివరికి ఐలేశానికి తప్పు కింద జరిమానా వేసి, అతని వాటా మాత్రం న్యాయమే అని మందను రెండు చేయమన్నారు. దొంగతనం చేసినవాడికి సగం మంద వచ్చింది. సత్తమ్మ కాదనలేదు.

మరునాడు పొద్దున సైదులు గొంగడి మడిచి భుజాన వేసుకున్నాడు. గుర్వయ్య తన మందకు రమ్మన్నాడట. మచ్చ లేని కాపరిని ఎవరు వద్దంటారు?

"పోతవా?" అంది సత్తమ్మ.

"పోత పెద్దమ్మా."

"తప్పు ఒప్పుకుంటి గదరా."

"ఒప్పుకున్నవ్. నీ తీరుగ ఎవరు ఒప్పుకుంటరు?" అన్నాడు. ఆ మాట మనసారానే అన్నాడు. "కాని రేపు ఇంకొక పిల్ల తప్పిపోతే నువ్వు నా దిక్కే చూస్తవ్. నేను గూడ నువ్వు చూస్తున్నవా అని చూస్త. గది బతుకు గాదు."

చూడను అందామనుకుంది. అనలేకపోయింది. అంటే అబద్ధమే అవుతుంది.

ఆమెకు పనంతా అప్పజెప్పాడు. ఏ గొర్రెకు గిట్ట నొప్పి ఉందో, ఏది ఈనేటట్టుందో, ఏ పొట్టేలును నీళ్ల దగ్గర ముందు నిలపాలో చెప్పాడు. సత్తమ్మ తల ఊపుతూ విన్నది. తన గొర్రెల సంగతి తనకు సగం కూడా తెలియదని సిగ్గుపడింది. కర్ర ఆమె చేతిలో పెట్టి వాగు వెంట నడిచాడు.

మంద లేచి అతని వెంట నడిచింది.

సత్తమ్మ పిలిచింది. ఒకటి రెండు తల తిప్పి చూసి మళ్లీ నడిచాయి. సైదులు ఆగాడు. గొర్రెలూ ఆగాయి. చేతులతో వెనక్కి తోలాడు. అవి పక్కకు జరిగి, అతను కదలగానే మళ్లీ వెంటపడ్డాయి. అప్పుడతను వంగి మట్టిపెడ్డ తీశాడు. పన్నెండేళ్లలో ఆ మంద మీద చేయి ఎత్తినవాడు కాదు. ఒకటి విసిరాడు. రెండోది విసిరాడు. రెండోది సుక్కగొర్రె డొక్కలో తగిలింది. అది బెదిరి, తన పిల్లను వెతుక్కుంటూ వెనక్కి ఉరికింది. మిగిలినవి దాని వెనక తిరిగాయి.

సైదులు మళ్లీ చూడకుండా తువ్వాలుతో మొఖం తుడుచుకుంటూ పోయాడు. సత్తమ్మ ఇసుకలోకి దిగి, అతను పిలిచినట్టే పిలవడానికి ప్రయత్నిస్తూ, మందకు ఎదురు నడిచింది.